పసుపు, వంకాయ, ఎరుపు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు వెనక
నాది టీవీలు బాగుచేసే కొట్టు.
బోర్డు మీద ఇంకా డబ్బా టీవీ బొమ్మే.
లోపల పిక్చర్ ట్యూబు వెలిగి ఎన్నాళ్లో.
మిగిలింది సోల్డరింగ్ ఐరనూ, మల్టీమీటరూ,
అగ్గిపెట్టెలు అతికించి చేసుకున్న సొరుగుల్లో
రంగు చారల రెసిస్టర్లూ.

మాల్యాద్రి పికప్పు రెండువేల తొమ్మిది మోడలు.
టర్బో ఉంది, కామన్ రైలుంది,
డాష్‌బోర్డు కింద కంప్యూటరుంది.
పాతిక బస్తాలేస్తే మాత్రం
రాపూరు ఘాట్లో రెండో మలుపుకే
ఫస్టు గేర్లో ఏడుస్తుండాదన్నాడు.
పంపూ ఇంజెక్టర్లూ మార్చాలని
నెల్లూరు వర్క్‌షాపు వాళ్లు రాసిచ్చిన చీటీ
అతని చొక్కా జేబులో నాలుగు మడతలుగా ఉంది.
దాన్ని విప్పలేదు. ఎంతని నేనూ అడగలేదు.

"నీకు కరెంటు తెలుసు గదబ్బయా మస్తానూ,
దీని మెదడు కూడా కరెంటే గదా."

ఆ రాత్రి బానెట్టుకి బల్బు వేలాడదీసి
రైలు చివర సెన్సారు పట్టుకున్నా.
మూడు వైర్లు.
ఒకటి తిండి, ఒకటి నేల, మూడోది మాట.
ఇప్పుడు నాలో ఇంత ఒత్తిడుందని
కంప్యూటరుకి క్షణక్షణం చెప్పుకునే మాట.
ఆ మాటకీ నేలకీ మధ్య ఒక రెసిస్టరు అతికించా:
పసుపు, వంకాయ, ఎరుపు.
ఖరీదు రూపాయి. పాత సరుకు గనక అదీ లేదు.

ఇక పన్నెండొందలున్నా
వెయ్యే అంటుంది రైలు.
అయ్యో చాల్లేదేమోనని
ఇంకాస్త నొక్కుతుంది పంపు.

కండలేరు రోడ్డు మీద ఎగిరింది బండి.
వెనక మోపెడ్ మీదొచ్చే పాలాయన
నల్లపొగలో మాయమైపోయి
మళ్లీ తిట్లుగా బయటికొచ్చాడు.
"పులబ్బయా, పులి!" అని స్టీరింగు మీద కొట్టాడు మాల్యాద్రి.
నేనూ నవ్వా.
నన్నెవరైనా మెచ్చుకుని చాలా కాలమైంది.

కొట్టు ముందు ఆపాక
స్క్రూడ్రైవరు కొన మూడో ఇంజెక్టరు మీద పెట్టి
పిడి చెవికి ఆనించా.
టక్, టక్, టక్.
పొడిగా, గట్టిగా,
ఎవరో పళ్లు బిగబట్టి
ఏం లేదు, ఏం లేదు అంటున్నట్టు.

ఎంత చూసినా నిద్ర పట్టలేదు.
తెల్లారుజామున ఐరను వేడిచేసి
నా అబద్ధాన్ని నేనే ఊడదీశా.

తర్వాత చేసిందంతా చిన్న పని, చెప్పుకోను సిగ్గు.
సర్ఫు నీళ్లు గొట్టాల మీద చల్లి
తొక్కమన్నా యాక్సిలరేటరు.
ఇంటర్‌కూలర్ మెడ దగ్గర నురగ ఉబ్బింది,
దొంగతనంగా చూయింగ్ గమ్ నమిలే పిల్లాడిలా.
క్లిప్పు నలభై రూపాయలు.
బూస్టు సెన్సారు మొహాన వేలు మందం మసి.
అదీ అబద్ధమే చెబుతోంది ఇన్నేళ్లూ,
ఎవరూ నేర్పకుండానే.
స్ప్రే డబ్బా తొంభైకి దొరికింది. పాత బనీను నాది.

మధ్యాహ్నం ఘాటు మీంచి ఫోను,
గాలి హోరులో సగం మాటలు.
"రెండో గేర్లో ఎక్కుతుండాది!"
పొగ? అన్నా.
"లేదు."
పులేనా?
కాసేపు ఇంజను శబ్దమే వినిపించింది.
"కాదబ్బయా. ఎద్దు.
మంచి ఎద్దు."

డబ్బులకి బదులు బస్తాడు పండుకాయలు దించిపోయాడు.
ఇల్లంతా నిమ్మ వాసన.
ఆ వాసనలో హుసేన్‌బీ కుట్టుమిషను తొక్కుతోంది,
బడి తెరిచే లోపు ఇవ్వాల్సిన యూనిఫారాలు.
మోకాలెట్లా ఉందన్నా.
"పర్లేదు" అంది, దారం పళ్లతో తెంపుతూ.

ఎప్పుడూ అక్కడితో లేచిపోయేవాణ్ణి.
ఇవాళ మిషను కింద కూర్చుని
పెడలు వేలితో నొక్కి చూశా.
అబ్బా,
ఎంత బిగుసుకుపోయిందో.